ఎనిమిది వేల రూపాయల లెక్క

(స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)

మా ఇంట్లో పాల లెక్క రాసుకునే కాలెండరు ఒకటుంది. అందులో 2023 ఆగస్టు నెల కాగితాన్ని నేను పారెయ్యలేదు. దాని వెనకవైపు పెన్సిలుతో వేసిన తీసివేత ఒకటుంది. పైన 21,000. కింద వరసగా నాలుగు అంకెలు. చివర 8,000 అని రాసి, దాని చుట్టూ సున్నా చుట్టి వుంటుంది. ఆ సున్నా చుట్టింది మా అత్తగారు.

ఆ ఇరవయ్యొక్క వెయ్యీ మా తోటికోడలి జీతం. విజయవాడలో ఒక ప్రైవేటు ఆఫీసులో గుమాస్తా పని. జీతం 23,000 అయినా, ప్రావిడెంటు ఫండుకు 1,800, వృత్తిపన్నుకు 200 పోగా చేతికొచ్చేది ఇంతే. ఆ ఏప్రిల్లో తనకు పాప పుట్టింది. సెప్టెంబరు మొదటివారంలో తిరిగి ఆఫీసుకు వెళ్ళాలి. పాపనెవరు చూస్తారన్న ప్రశ్న వచ్చింది. అందరం కలిసి లెక్క వేశాం. పసిపిల్లల్ని పగలంతా చూసుకునే క్రెష్‌కు నెలకు 8,000. పొద్దున్నా సాయంత్రమూ ఆటోకు 2,500. పాలు, మందులు, పండగలకు ఆయాలకిచ్చే మామూళ్ళు, సాయంత్రం ఆలస్యమైతే కట్టే అదనపు రుసుము, అన్నీ కలిపి 1,000. తన సొంత బస్సు ఖర్చు 1,500. పోగా మిగిలింది 8,000.

"ఎనిమిది వేల కోసం నాలుగు నెలల పిల్లని పరాయివాళ్ళ చేతిలో పెట్టి పోవాలా?" అన్నారు మా అత్తగారు. ఆవిడ మాటలో ప్రేమ వుంది, కోపం లేదు. కానీ ఆ లెక్క తప్పు. ఎక్కడ తప్పో తెలుసుకోవడానికి మాకు పది రోజులు పట్టింది. ఇవాళ మీకు చెప్పదలచుకున్నది అదే.

మొదటి తప్పు చాలా చిన్నది, అన్ని ఇళ్ళలోనూ జరిగేది. పిల్ల ఖర్చంతా తల్లి జీతంలోంచే ఎందుకు తీసివెయ్యాలి? మా మరిదికి నెలకు 34,000 వస్తుంది. ఇంటి అద్దె ఇద్దరి జీతాల్లోంచీ పోతుంది, కిరాణా ఇద్దరి జీతాల్లోంచీ పోతుంది. క్రెష్ రుసుము మాత్రం ఆవిడ జీతం కింద రాసి, "ఇంతేనా మిగిలేది?" అంటాం. అదే 8,000 మా మరిది జీతం కింద రాస్తే, "నీ ఉద్యోగం దండగ, మానెయ్యి" అని అతనితో ఎవరైనా అంటారా? నేను ఈ మాట అనేసరికి మా మరిది కొంచెంసేపు కాలెండరు కేసి చూసి, "నిజమే వదినా" అన్నాడు. పాప ఇద్దరిదీ అయినప్పుడు రుసుము కూడా ఇద్దరిదీ.

రెండో తప్పు నాకు తెలిసింది కాదు. నేను పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని, ఫండులూ గ్రాట్యుటీలూ నాకెక్కడ తెలుస్తాయి? బ్యాంకులో పనిచేసి రిటైరైన పక్కింటాయన చెప్పారు. ప్రావిడెంటు ఫండుకు ఆవిడ జీతంలో కోసే 1,800 ఎక్కడికీ పోలేదు, ఆవిడ పేరనే వుంది. దానికి సమానంగా ఇంకో 1,800 యజమాని కట్టాలి. అందులో కొంత పింఛను నిధికి పోతుంది, మిగిలింది ఆవిడ ఖాతాకే చేరుతుంది. పదేళ్ళ సర్వీసు నిండితే ఆ పింఛనుకు హక్కు వస్తుంది. అంటే చేతికి రాకపోయినా నెలకు 3,600 ఆవిడ పేరుమీద పోగవుతున్నది. మన ఎనిమిది వేలు అప్పుడే పదకొండు వేల ఆరువందలైంది.

ఇక గ్రాట్యుటీ. పదిమందికి తక్కువ కాకుండా పనిచేసే చోట, ఐదేళ్ళు విడవకుండా చేసినవాళ్ళకు ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున ఇస్తారు. పదిహేను రోజులంటే నెలను ఇరవయ్యారు పనిరోజులుగా లెక్కగడతారు. ఆవిడ మూలవేతనం 15,000 కనక ఏడాదికి 8,650 చిల్లర. ఐదేళ్ళకు 43,000 దాటుతుంది. మా తోటికోడలు చేరింది 2019 జూలైలో. 2023 సెప్టెంబరులో మానేస్తే నాలుగేళ్ళ రెండు నెలలు. దమ్మిడీ రాదు. ఇంకో పది నెలలు ఆగితే మొత్తం వస్తుంది. కాన్పు సెలవు కాలాన్ని కూడా సర్వీసులో కలుపుతారు కనక, సెలవు వల్ల సర్వీసు తెగిపోతుందన్న భయం అక్కర్లేదు.

ఇంకొకటి. పసిపిల్ల రుసుము ఎప్పుడూ ఇంతే వుండదు. మా ఊళ్ళో మేం చూసిన చోట్ల, నడక వచ్చి తనంతట తాను అన్నం తినే పిల్లలకు నెలకు రెండు వేలు తక్కువ. మొదటి ఏడాదే బరువు. ఆ ఒక్క ఏడాది బరువు చూసి ఉద్యోగం మానేసి, పిల్ల బడికెళ్ళాక తిరిగి చేరదామంటే అదే కుర్చీ అదే జీతంతో ఎవరు అట్టే పెడతారు? మా వీధిలోనే అలా మానేసి నాలుగేళ్ళ తరవాత సగం జీతానికి చేరిన అమ్మాయి వుంది.

సరే, లెక్క తేలింది. కానీ అసలు చిక్కు డబ్బు ఒక్కటే కాదు, రోజుల్లో కూడా వుంది. ఈ సంగతి కాన్పుకు ముందే తెలుసుకోవాలి, అంచేత కాస్త విడమరచి చెబుతాను.

మన దేశంలో ప్రసూతి సదుపాయాల చట్టం 1961లో వచ్చింది. అప్పట్లో సెలవు పన్నెండు వారాలు. 2017లో చట్టాన్ని సవరించి, మొదటి ఇద్దరు పిల్లలకు ఇరవయ్యారు వారాలు చేశారు. మూడో కాన్పు నుంచి పన్నెండు వారాలే. కాన్పు తేదీకి ముందు ఏడాదిలో కనీసం ఎనభై రోజులు ఆ చోట పనిచేసి వుండాలి. 2025 నవంబరు 21 నుంచి ఆ పాత చట్టం స్థానంలో సామాజిక భద్రతా స్మృతి అమలులోకి వచ్చింది. సెలవు వారాలు మాత్రం మారలేదు.

ఇరవయ్యారు వారాలంటే సుమారు ఆరు నెలలు. బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప ఇంకేమీ, నీళ్ళు కూడా, అక్కర్లేదని డాక్టర్లు చెబుతారు. రెండూ సరిపోయాయి కదా అనుకుంటాం. కానీ ఆ ఇరవయ్యారు వారాల్లో కాన్పుకు ముందు తీసుకున్న రోజులు కూడా కలిసే వుంటాయి. ముందు ఎనిమిది వారాల దాకా తీసుకోవచ్చు. తీసుకుంటే, తరవాత మిగిలేది పద్ధెనిమిదే. మా తోటికోడలు మార్చి ఎండల్లో బస్సు ప్రయాణం చెయ్యలేక ఆరు వారాలు ముందే ఇంట్లో కూచుంది. ఎవరు తప్పంటారు? నిండు నెలలు కదా. కానీ తరవాత ఇరవై వారాలే మిగిలాయి. పాపకు నాలుగున్నర నెలలప్పుడే సెలవు అయిపోయింది. క్రెష్‌లు చాలావాటిలో ఆరు నెలలు నిండందే చేర్చుకోరు. మధ్యలో ఆరు వారాల సందు. ఆ సందులో ఎవరు?

నేనే. "అక్కా, మీరెలాగూ ఇంట్లోనే వుంటారుగా" అంది తోటికోడలు.

ఈ "ఎలాగూ ఇంట్లోనే" అన్న మాట వినని గృహిణి లేదు. ఒక్క మాట ఒప్పుకుంటాను, ఆ మాట వినగానే నా మనసు చివుక్కుమంది. నాకు నెలకు రెండు మూడు రికార్డింగులుంటాయి. దానికొచ్చేది మహా అంటే నెలకు రెండు కూరగాయల సంతల ఖర్చు. ఆ డబ్బు కాదు, ఇంట్లో నాకంటూ వున్న పని అదొక్కటే. మా పిల్లలు చిన్నప్పుడు అదీ లేదు. ఇప్పుడు మళ్ళీ ఆరు వారాలు మానేస్తే తిరిగి పిలుస్తారన్న నమ్మకమేవిటి? ఇవన్నీ పైకి అంటే స్వార్థంగా వుంటుందని రెండు రోజులు మింగుకున్నాను. మూడో రోజు మా మరిదినే పిలిచి చెప్పాను. పాపను చూస్తాను, సొంత మనుషుల దగ్గర డబ్బు తీసుకోను, కానీ నాకు రికార్డింగు వున్న రోజున సెలవు పెట్టాల్సింది నువ్వు, అని. కాదనలేదు. ఆ ఆరు వారాల్లో మూడు రోజులు సెలవు పెట్టాడు. "మీ ఇంట్లో ఆడవాళ్ళెవరూ లేరా?" అని ఆఫీసులో అడిగారట. కేంద్ర ప్రభుత్వంలో పనిచేసే మగవాళ్ళకు బిడ్డ పుడితే పదిహేను రోజుల సెలవుంది. ప్రైవేటు ఉద్యోగులకు అలాంటి చట్టమే లేదు, అంతా యజమాని దయ.

ఆ ఆరు వారాల్లో పాలడబ్బా కొనలేదంటే మీరు నమ్మరు. తల్లి పొద్దున్న పాలు పిండి, ఉడకబెట్టిన స్టీలు గిన్నెల్లో మూతపెట్టి వెళ్ళేది. "పాలు పిండి గిన్నెలో పెట్టడమేవిటే!" అని మా అత్తగారు ముక్కున వేలేసుకున్నారు. పిల్లల ఆస్పత్రిలో నర్సమ్మ వివరంగా చెప్పాక ఊరుకున్నారు. చల్లని గదిలో నాలుగు గంటల దాకా వుంటాయి గానీ, మన బెజవాడ ఎండకు బయట పెట్టడం మంచిది కాదు, పిండగానే ఫ్రిజ్జులో పెట్టాలి. అక్కడ నాలుగు రోజుల దాకా చెడవు. పొయ్యిమీద కాచకూడదు. వేణ్ణీళ్ళ గిన్నెలో ఆ గిన్నెను వుంచితే చాలు, చలి విరుగుతుంది. ఒకసారి పట్టగా మిగిలినవి మళ్ళీ దాచకూడదు. పట్టడానికి సీసా కూడా కొనలేదు, మా పిల్లలనాటి వెండి ఉగ్గుగిన్నె అటకమీంచి దింపి, మరిగే నీళ్ళలో వేసి తీశాం. ఇప్పుడు డాక్టర్లు కూడా సీసా కంటే ఉగ్గుగిన్నే మేలంటున్నారు. నెలకు పాలడబ్బాల ఖర్చెంతో కొనేవాళ్ళనడగండి, తెలుస్తుంది. ఆఫీసులో పాలు పిండుకునేందుకు కూడా తీరిక వుండాలి. బిడ్డకు పదిహేను నెలలు వచ్చేదాకా, మామూలు విరామం కాక, పాలకోసం రోజుకు రెండు విరామాలు చట్టంలోనే వున్నాయి. అడిగితేనే ఇస్తారు, అది వేరే సంగతి.

ఈలోగా క్రెష్‌లు చూశాం. మూడు చూశాం. మొదటిదాంట్లో గోడలనిండా బొమ్మలు, రంగులు, ప్రవేశ రుసుమే పదివేలు. పిల్లలంతా టీవీ ముందు కూచుని వున్నారు. రెండోది మేడమీద, మెట్లకు తలుపు లేదు. మూడోది పాత ఇల్లు, బొమ్మలు తక్కువ. అయినా అదే నచ్చింది. ఎందుకంటే చెప్పకుండా మధ్యాహ్నం రెండున్నరకు వెళ్ళాను. అన్నాలయ్యాక పెద్దవాళ్ళకు కునుకు పట్టే వేళ అది. ఆయా మేలుకుని, ఒక పిల్లాడికి గుడ్డ మారుస్తోంది. ఎంతమంది పిల్లలకు ఎంతమంది ఆయాలో లెక్కపెట్టుకోండి. కేంద్ర ప్రభుత్వం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మూడేళ్ళలోపు పిల్లలు పదిమందికి ఒక మనిషి వుండాలన్నారు. నన్నడిగితే అదీ ఎక్కువే, పాకే పిల్లలు పదిమందిని ఒక్కరు పట్టగలరా? రుసుము మాట్లాడేటప్పుడు నెల రుసుమొక్కటే అడక్కండి. ప్రవేశానికెంత, బిడ్డ జబ్బుపడి పది రోజులు రాకపోతే ఎంత తగ్గిస్తారు, సాయంత్రం ఆరు దాటితే గంటకెంత, అన్నీ కాగితంమీద రాయించుకోండి.

జబ్బంటే గుర్తొచ్చింది. పదిమంది పిల్లల్లో చేరిన మొదటి మూడు నాలుగు నెలలు జలుబులూ జ్వరాలూ తప్పవు. జ్వరమొస్తే క్రెష్‌వాళ్ళు తీసుకోరు, ఇంటికి పంపేస్తారు. ఆ రోజుల సెలవు కూడా లెక్కలో రాసుకోవాలి. మేం రాసుకోలేదు. డిసెంబరుకల్లా మా తోటికోడలి సెలవులన్నీ అయిపోయి, రెండు రోజుల జీతం పోయింది.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. ఉద్యోగులు యాభైమంది వున్న ప్రతి చోటా క్రెష్ వుండాలని 2017 సవరణ చెప్పింది. అదే నిబంధన కొత్త స్మృతిలోనూ వుంది. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చు. యజమాని సొంతంగా కట్టక్కర్లేదు, దగ్గర్లో వున్నదానితో ఏర్పాటు చేసుకున్నా సరే. మా తోటికోడలి ఆఫీసులో అరవై మూడుమంది. క్రెష్ లేదు. అడిగితే మేనేజరు, "మన దగ్గర ఆడవాళ్ళు పద్నాలుగుమందే కదమ్మా, యాభై లేరుగా" అన్నాడట. ఆవిడ నోరు మూసుకుని వచ్చేసింది.

నాకూ అదే నిజమేననిపించింది. పక్కింటాయన చెబితే గానీ తెలియలేదు. ఆ యాభైమంది ఆడవాళ్ళని చట్టంలో లేదు. ఉద్యోగులు అని వుంది. మగవాళ్ళూ ఆడవాళ్ళూ కలిపి యాభై. ఫ్యాక్టరీల చట్టంలో ఆడవాళ్ళు ముప్ఫైమందికి మించితే క్రెష్ వుండాలనే నియమం వుండేది, ఆ మేనేజరు దాన్నీ దీన్నీ కలిపేశాడు కాబోలు. తెలిసే అన్నాడో తెలియక అన్నాడో మనకెందుకు?

అప్పుడు వాళ్ళు ఏడుగురు కలిసి దరఖాస్తు రాశారు. ఐదుగురు ఆడవాళ్ళు, చిన్నపిల్లలున్న ఇద్దరు మగవాళ్ళు. మగవాళ్ళ సంతకాలు నేనే పట్టుబట్టి పెట్టించమన్నాను. చట్టంలో వున్న మాటలే రాశారు, తగువు మాటలేమీ లేవు. రెండో ప్రతిమీద తేదీతో సహా ముద్ర వేయించుకున్నారు. రెండు నెలలు ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ రాశారు. 2024 జనవరి నుంచి ఆ మూడో క్రెష్‌తోనే మాట్లాడి, రుసుములో సగం ఆఫీసు కట్టడం మొదలుపెట్టింది. పూర్తిగా ఎందుకు కట్టరని కొందరడిగారు. క్రెష్ వుండాలని చట్టం చెప్పింది గానీ, ఖర్చెవరిదన్నది విడమరచి చెప్పలేదు. సగమైనా నెలకు నాలుగు వేలు. పెన్సిలు లెక్కలో అది పెద్ద అంకే.

యాభైమంది లేని చోట పనిచేసేవాళ్ళ మాటేవిటని మీరడుగుతారు. చీరల దుకాణంలో పన్నెండుమంది వుంటారు. సెలవుకు హక్కుంది, క్రెష్‌కు లేదు. ఇళ్ళలో పనిచేసేవాళ్ళకు రెండూ లేవు. మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ మొదటి అధ్యక్షురాలిగా 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు, తరవాతి కాలంలో ఇలాంటి తల్లులకోసమే క్రెష్‌లకు గ్రాంట్లిచ్చింది. ఢిల్లీలో మీరా మహదేవన్ అనే ఆవిడ 1969లో, కట్టుబడి కూలీల పిల్లలు ఇసకలో పడివుండటం చూసి, పనిజరిగే చోటనే గుడారం వేసి మొబైల్ క్రెష్‌లు మొదలుపెట్టారు. 2017 నాటి జాతీయ క్రెష్ పథకంలో బీద కుటుంబాలకు నెలకు 20 రూపాయలు, ఆదాయాన్ని బట్టి మిగతావాళ్ళకు 100, 200 రుసుముండేది. 2022 నుంచి దాన్ని పాలనా అనే పేరుతో నడుపుతున్నారు, కొన్నిచోట్ల అంగన్‌వాడీలోనే క్రెష్ కలుపుతున్నారు. మీ వార్డులో వుందేమో అంగన్‌వాడీ టీచరునడగండి. మామూలు అంగన్‌వాడీలో మూడేళ్ళు దాటిన పిల్లలకు ఆటా పాటా వుంటాయి. మూడేళ్ళలోపు పిల్లలకు తిండి సరుకులు ఇంటికిస్తారు, కానీ పిల్లను ఎత్తుకునే చేతులు ఇవ్వరు.

మా ఇంట్లో అంట్లు తోమే అమ్మాయికి అప్పుడు ఏడాదిన్నర కొడుకుండేవాడు. నేను పాపను చూసిన ఆ ఆరు వారాలూ వాణ్ణి కూడా మా వరండాలో వదిలేది. అంతకుముందు ఎక్కడ వదిలేదని అడగాలని నాకు అప్పటిదాకా తోచనే లేదు. అడిగితే, "గదిలో పెట్టి గొళ్ళెం వేసి వస్తానమ్మా, పక్కింటి ముసలమ్మ కిటికీలోంచి చూస్తది" అంది. మూడేళ్ళుగా మా ఇంటికి పొద్దున్న ఏడింటికల్లా వస్తోంది.

మా తోటికోడలు మొదటిరోజు క్రెష్‌లో పాపను దింపి, ఆఫీసు మెట్లమీద కూచుని ఏడ్చిందట. పదకొండు గంటలకు ఫోను చేస్తే, "పడుకుందమ్మా, మీరూ కాస్త కాఫీ తాగండి" అందట ఆయా. 2024 జూలైలో ఐదేళ్ళూ నిండాయి. ఆ సాయంత్రం నేను కాలెండరు కాగితం తీసి మా అత్తగారికి చూపించాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, తను చుట్టిన సున్నాను కాసేపు చూసి, "గ్రాట్యుటీ అంటే ఏవిటన్నావు, మళ్ళీ చెప్పు" అన్నారు.